మోకులు మెత్తబడ్డ ఏడాది

1. ఎండ. తూర్పు గాలి, మామూలుగానే.

ఈ పుస్తకంలో అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదని ఆఫీసు ఆజ్ఞ. మోకు ఎంత సాగింది, ఎంత వేడెక్కింది, గీత ఎక్కడిదాకా వెళ్ళి వెనక్కొచ్చింది, అంతే. ఆ అంకెలు వేరే కాగితం మీద వేసి పంపేస్తున్నాను. మిగతాది ఇక్కడ రాస్తాను. చదివేవాళ్ళెవరూ లేరు కాబట్టి ధైర్యంగా రాయొచ్చు.

నా పేరు నూకాలు. మోకులపాలేనికి మోకుల కావలి నేనే. మా ఊరు నీటి మీద తేలుతుంది. కింద ఒకప్పుడు పొలాలుండేవట, ఇప్పుడు చేపలున్నాయి. ఊరు కొట్టుకుపోకుండా నాలుగు మోకులు సముద్రం అడుగుకి కట్టి ఉంచుతాయి. ఒక్కో మోకు మనిషి నడుమంత లావు. పడమటిది పెద్దత్త, ఉత్తరానిది తోడికోడలు, తూర్పుది ఆడపడుచు, దక్షిణానిది వియ్యపురాలు. పేర్లు పెట్టింది నాకు ముందు పనిచేసిన కావలావిడ. ఆవిడ కాపురం ఎలా సాగి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

మోకుల లోహానికి రెండు రూపాలు. మామూలుగా పొట్టిగా, మెరుస్తూ ఉంటుంది. అల గట్టిగా లాగితే లాగినంత మేర పొడుగు రూపంలోకి మారిపోయి మసకగా కనిపిస్తుంది. మెరుపుకీ మసకకీ మధ్య సరిహద్దే గీత. అల లాగినప్పుడు గీత ముందుకి పోతుంది, వదిలినప్పుడు వెనక్కొస్తుంది. అలా కదిలినప్పుడల్లా అల బలంలో కొంత వేడి కింద ఖర్చయిపోతుంది. సముద్రం మమ్మల్ని కొడదామని తెచ్చుకున్న కోపం మోకులోనే చల్లారిపోతుందన్నమాట.

ఆ వేడితో మా ఆయన ఇడ్లీలు వండుతాడు.

అబద్ధం కాదు. ఆడపడుచు చుట్టూ ఒక ఇనప తొడుగు, దాని నిండా నీళ్ళు, దాని మీద ఊరి వంటిల్లు. ఊరందరికీ రెండు పూటలా తిండి ఆ ఆవిరి మీదే. వంటింటికి పెద్ద మా ఆయన సత్తిబాబు. ఇడ్లీపాత్ర మూత తీసేముందు దానికి దణ్ణం పెట్టే రకం. ఆయన ఇడ్లీని పొగడకుండా తిన్నవాళ్ళకి మర్నాడు చట్నీ తక్కువ పడుతుంది.

ఇవాళ తొడుగు మీద చెయ్యి ఆనించి టీ తాగాను. చెయ్యి తీసెయ్యాల్సిన అవసరం రాలేదు. ఇదివరకు అక్కడ చెయ్యి పెడితే బొబ్బలెక్కేది. మీటరు పాడయిందేమో, రేపు చూడాలి.

2. ఎండ. అలలు బాగానే ఉన్నాయి.

మీటరు విప్పి తుడిచాను. కొత్తది పెట్టాను. నాలుగు మోకులకీ మీటర్లు మార్చి మార్చి చూశాను. గీత నిరుటి లాగానే అంతే దూరం జరుగుతోంది. వేడి మాత్రం నిరుటి దాంట్లో సగమే. పెద్దత్త దగ్గరైతే సగం కూడా లేదు.

"మీటర్లన్నీ ఒకేసారి అబద్ధమాడతాయా మావా?" అని అడిగాను రాత్రి అన్నం దగ్గర.

"మనుషులైతే ఆడతారు," అన్నాడు సత్తిబాబు కంచంలోంచి తల ఎత్తకుండా. "మీటర్ల సంగతి నాకు తెలీదు."

ఆ మాట అప్పుడు పట్టించుకోలేదు.

3. మబ్బు.

కబురంపితే గట్టు మీది లోహశాల నుంచి భానోజీ గారొచ్చారు. ఈ మోకులు చేసింది ఆయనే. అలల బలం గురించి ఆయనకి తెలిసినంత ఈ తీరంలో ఇంకెవరికీ తెలీదు. అలలు మాత్రం ఆయన్ని గుర్తు పట్టవు. పడవ దిగీ దిగగానే రెయిలింగు పట్టుకుని కడుపు ఖాళీ చేసుకున్నారు. నిమ్మకాయ నీళ్ళిచ్చి, ఆయన ముఖంలోకి రంగు వచ్చేదాకా మర్యాదగా సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాను.

రోజంతా పెద్దత్త పక్కనే కూర్చుని గీతని చూశారాయన. అది జారుతూ పోతోంది, జారుతూ వస్తోంది. నెయ్యి రాసిన పెనం మీద దోసె లాగా.

"ఎంత నున్నగా పోతోందో చూడండి," అన్నాను, మెచ్చుకుంటారేమోనని.

"అదేనమ్మా జబ్బు," అన్నారాయన. "ఒకే దారిన పోయి వచ్చి, పోయి వచ్చి, గీతకి దారి అరిగిపోయింది. మొదట్లో అడుగడుక్కీ అడ్డం ఉండేది. ఆ అడ్డాన్ని దాటడంలోనే వేడి పుట్టేది. ఇప్పుడు అడ్డం లేదు, వేడి లేదు. మరి అల తెచ్చిన బలం ఎక్కడికి పోతుంది?"

నేను మోకు వైపు చూశాను. మోకు ఆ చివర కట్టి ఉన్న ఊరి వైపు చూశాను.

"ఊళ్ళోకా?"

"ఇంకెక్కడికి?" అని నిమ్మకాయ నీళ్ళు మరోసారి అడిగారు.

మందుంది. మోకుని ఊడదీసి, కొలిమి పడవ మీద వేసి, ఎర్రగా కాల్చి, నెమ్మదిగా చల్లారిస్తే లోహం పాత అలవాట్లు మరిచిపోతుందట. మళ్ళీ కొత్త కోడలి లాగా ప్రతిదానికీ బిగుస్తుందట. కాకపోతే ఒకసారికి ఒక్క మోకే తియ్యాలి, దానికి పది పదిహేను రోజులు పడుతుంది. అన్నాళ్ళూ ఊరు మూడు మోకుల మీద నిలబడాలి. ముందు ఏ మోకు తీసినా, ఆడపడుచు వంతు వచ్చినప్పుడు వంటిల్లు మూసెయ్యాలి.

ఆ చివరి ముక్క ఇంట్లో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

4. ఎండ. పొడి గాలి.

చెప్పాను. గరిటె కింద పెట్టేశాడు. మాట్లాడలేదు. ఇది మంచి గుర్తు కాదు. సత్తిబాబు అరిచాడంటే వర్షం లాంటిది, కురిసి వెళ్ళిపోతుంది. మాట్లాడకపోతే అల్పపీడనం.

ఊళ్ళో ఎవర్నడిగినా ఏ బాధా లేదంటున్నారు. నిజానికి ఊరు ఈమధ్య ఎక్కువ ఊగుతోంది. పడవ వచ్చి తగిలితే ఇదివరకు ఒక్క కుదుపుతో సరిపోయేది. ఇప్పుడు కాసేపు అటూ ఇటూ ఆడుతూనే ఉంటుంది. మా అత్త అప్పాయమ్మకి అది స్వర్గం. "ఈ ఊపుకే నా నడుం నొప్పి తగ్గిందే," అంటోంది. చంటిపిల్లల తల్లులు నన్ను చూసి నవ్వుతున్నారు. అంత హాయిగా ఉన్న ఊరికి జబ్బు చేసిందని చెబితే ఎవరు వింటారు?

5. ఎండ. మీటింగు జరిగింది.

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

పెసిరెంటు సింహాద్రమ్మ గారు పంచాయతీ హాల్లో అందర్నీ కూర్చోబెట్టారు. భానోజీ గారు చాప మీద పడుకునే చెప్పారు. లేస్తే తల తిరుగుతుందట. నేను అంకెలు చెప్పాను. ఇప్పుడు మామూలు రోజుల్లో ఊపు హాయిగానే ఉంటుంది, అదే తుఫానులో ఊరి బల్లలు విడిపోతాయి, అన్నాను.

వెనక వరస నుంచి సత్తిబాబు లేచాడు. మీటింగుకి గరిటెతో సహా వచ్చాడు.

"నా పెళ్ళాం చెప్పేది తప్పని నేననను," అని మొదలుపెట్టాడు. అంటే అనబోతున్నాడని అర్థం. "కానీ ఇది తుఫాన్ల కాలం. ఇప్పుడు మోకు ఊడదీస్తారా ఎవరైనా? పైగా ఊరంతా నా వంటింటి మీదే బతుకుతోంది. అది మూసేస్తే పొయ్యిలెక్కడివి? కరెంటు కోటా సరిపోద్దా? వేసవి వచ్చేదాకా ఆగితే ఏం పోయింది?"

జనం తలలూపారు. కడుపు గురించి మాట్లాడినవాడి వైపే ఎప్పుడూ జనం ఉంటారు. నాకు ఒకటే దారి కనిపించింది.

"ఒక్క మాట చెప్పు మావా. తొడుగులో ఆవిరి ఎలా వస్తోంది?"

"బ్రహ్మాండంగా," అన్నాడు.

హాలు నవ్వింది. సింహాద్రమ్మ గారు మాత్రం నవ్వలేదు. "సత్తిబాబూ, ఆవిరి బ్రహ్మాండంగా వస్తుంటే, వేడి సగమైపోయిందన్న నూకాలు మాట అబద్ధమా? మోకుల కావలి ఊరికి అబద్ధం చెబితే పనిలోంచి తీసెయ్యాలి. అది నీకూ తెలుసు. చెప్పు, ఎవరి మాట నమ్మమంటావ్?"

ఆయన నా వైపు చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ముఖంలో అంత ఇరుకు నేనెప్పుడూ చూడలేదు. చేతిలో గరిటెని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"నూకాలుదే నిజం," అన్నాడు.

"మరి ఇడ్లీలెలా ఉడుకుతున్నాయి?"

"సామాన్ల గదిలో కరెంటు పొయ్యి ఉంది." గొంతు బాగా తగ్గిపోయింది. "సగం ఉడికినవి తీసుకెళ్ళి అక్కడ పూర్తి చేస్తున్నా. వేసవి నుంచీ. ఆవిరి ఇడ్లీ అని మీరంతా పొగుడుతున్నారు కదా, చెప్పడానికి నోరు రాలేదు."

మా అత్త గట్టిగా, "అదీ సంగతి! వెనకటి రుచి లేదని నేననుకుంటూనే ఉన్నా," అంది. అది పచ్చి అబద్ధం. నిన్న తొమ్మిది తింది.

కానీ ఆ మాటతో పని జరిగిపోయింది. నా అంకెలు నమ్మనివాళ్ళు కూడా పచ్చి పిండిని నమ్మారు. ఎల్లుండి పెద్దత్తని తీసేస్తారు. ఆడపడుచుని ఆఖర్న తీస్తామని మా ఆయనకి మాట ఇచ్చారు.

ఇంటికొచ్చాక గుమ్మం దగ్గర అన్నాను, "నాదే అబద్ధమని చెప్పేసి ఉంటే వంటిల్లు నీకే మిగిలేది కదా మావా?"

"మిగిలేది," అన్నాడు. "తినడానికి నువ్వు రావు కదా."

6. మబ్బు. గాలి తిరుగుతోంది.

పెద్దత్తని ఊడదీసి కొలిమి పడవ మీదకి చేర్చారు. ఊరంతా వచ్చి చూసింది, అత్తగారిని సాగనంపుతున్నట్టు కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. పడవ గట్టు వైపు వెళ్ళింది. భానోజీ గారు దాంట్లోనే వెళ్ళారు. నేల మీద కాలు పెట్టబోతున్నానన్న సంతోషం ఆయన ముఖంలో దాగలేదు.

ఉత్తరానికి పోతుందన్న వాయుగుండం మనసు మార్చుకుంటోందని రేడియోలో చెప్పారు.

7. (మర్నాడు రాస్తున్నాను.)

నిన్న భోజనాల వేళకి ముందే అది వచ్చేసింది. పట్టపగలే అంతా బూడిద రంగయిపోయింది. పిల్లల్నీ పెద్దల్నీ పంచాయతీ హాల్లోకి చేర్చారు. నేను ఆడపడుచు పక్కన కావలి అరుగు మీద నడుముకి తాడు కట్టుకుని నిలబడ్డాను. పెద్దత్త లేని భారమంతా దీని మీదే పడింది.

మొదట బాగానే ఉంది. అల లాగినప్పుడల్లా గీత పరిగెత్తుతోంది, వెనక్కొస్తోంది. మెత్తబడ్డ మోకు కాబట్టి ఒక్కో అలకి పుట్టే వేడి తక్కువే. కానీ నిన్నటి అలలు ఊపిరి తీసుకోనివ్వలేదు. వేడి మీద వేడి పేరుకుపోయింది. లోహం వేడెక్కితే మొండికేస్తుంది. దాన్ని రూపం మార్చడానికి ఇంకా గట్టిగా లాగాలి. మిగతా చోట్ల సముద్రపు నీళ్ళు తగిలి మోకు చల్లబడుతోంది. వంటింటి కింద, తొడుగులో మాత్రం నీళ్ళన్నీ ఆవిరైపోయాయి. ఆ ఆవిరి మోకు చుట్టూ దుప్పటిలా పట్టుకుంది.

గీత తొడుగులోకి వెళ్ళింది. అవతల్నించి రాలేదు.

తర్వాత అల వచ్చింది. మోకు సాగలేదు. మామూలు ఇనప కడ్డీలా బిగుసుకుని 'ఖంగ్' మంది. ఆ చప్పుడు నా కాళ్ళలోంచి దవడల్లోకి వచ్చింది. ఊరు మొత్తం ఒక్కసారి ఎగిరి పడింది. హాల్లోంచి పిల్లల ఏడుపు వినిపించింది. ఇలాంటివి ఇంకొన్ని తగిలితే మోకు తెగుతుంది. తెగితే ఊరు గుండ్రంగా తిరిగి మిగతా రెండింటినీ తెంపుకుంటుంది.

తాడు పట్టుకుని వంటింట్లోకి పాక్కుంటూ వెళ్ళాను. సత్తిబాబు అక్కడే ఉన్నాడు. గిన్నెలన్నీ ఒక మూలకి కట్టేస్తున్నాడు.

"మావా, తొడుగు తీసెయ్యాలి. మోకుకి సముద్రం తగలాలి!"

"తొడుగు మీదే కదే గది నిలబడింది!"

"తెలుసు!"

నా ముఖంలోకి చూశాడు. మోకు మళ్ళీ ఖంగుమంది. గోడ మీది పళ్ళాలన్నీ రాలాయి.

"రుబ్బురోలైనా తీసుకోనిస్తావా?" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తలుపు దగ్గరికి వచ్చిన సింహాద్రమ్మ గారు, ఇంకో నలుగురు మనుషులు రోలు సంగతి వదిలెయ్యమని అరిచారు. ఆయన నడుముకి తాడు కట్టి వాళ్ళు పట్టుకున్నారు. సత్తిబాబు గోడకున్న గొడ్డలి తీసుకుని నేల బల్లల్ని కొట్టడం మొదలుపెట్టాడు. తనే ఒక్కొక్కటీ ఏరి తెచ్చి, ఒక్కొక్కటీ రుద్ది నునుపు చేసుకున్న బల్లలు. ఒక్క దెబ్బ కూడా తగ్గించి వెయ్యలేదు. బల్లలు పోయాక తొడుగు బిగింపులు కనిపించాయి. నేను కిందికి వంగి రెంచీతో రెండు విప్పాను. మూడోది తిరగలేదు. ఆయన నన్ను పక్కకి నెట్టి గొడ్డలి వెనకతో బాదాడు.

తొడుగు విచ్చుకుంది. లోపలి ఆవిరంతా ఒక్క అరుపుతో బయటికొచ్చి ఆయన కుడి చేతిని మోచేయిదాకా కాల్చేసింది. గొడ్డలి సముద్రంలో పడింది. మా ఇద్దర్నీ వాళ్ళు తాళ్ళతో వెనక్కి లాగేశారు. అప్పుడే పెద్ద అల నేల కన్నంలోంచి లోపలికి దూరి ఆ సెగలు కక్కుతున్న లోహం మీద పడింది.

ఆ బుసని నేను చచ్చేదాకా మర్చిపోను.

తర్వాత గీత కనిపించింది. తొడుగు ఉన్న చోటు దాటి బయటికొచ్చింది. తడబడుతూ, ఆగుతూ, మళ్ళీ కదులుతూ. మోకు సాగింది. ఊరు ఎగిరి పడలేదు, ఒక పక్కకి ఒరిగి నెమ్మదిగా లేచింది. "కదిలింది! కదిలింది!" అని అరిచాను. గాలిలో ఎవరికీ వినపడి ఉండదు. సత్తిబాబుకి మాత్రం వినపడినట్టుంది. కాలిన చెయ్యి పట్టుకునే తలూపాడు.

మేం బయటికొచ్చిన కాసేపటికి వంటిల్లు గోడలతో సహా వెళ్ళిపోయింది. ముందు పొయ్యిగది, తర్వాత సామాన్ల గది, ఆఖర్న రుబ్బురోలు. రోలు మునుగుతున్నప్పుడు ఆయన ముఖం తిప్పేసుకున్నాడు.

సాయంత్రానికి గాలి తగ్గింది. రెండు పడవలు పోయాయి. పదిళ్ళ పైకప్పులు లేచిపోయాయి. జాలరి కన్నయ్య గారి కాలు విరిగింది. ప్రాణం ఒక్కటీ పోలేదు.

8. ఎండ. చాలా రోజుల తర్వాత రాస్తున్నాను.

పెద్దత్త పుట్టింటి నుంచి తిరిగొచ్చింది. కొలిమిలో కాలి అసలు మనిషే మారిపోయింది. గీత మొరాయిస్తోంది, గునుస్తోంది, ఒక్కో అడుగు వేసేముందు సముద్రంతో వాదన పెట్టుకుంటోంది. దగ్గరికి వెళ్తే వేడి సెగ. ఊరు ఇప్పుడు ఊగదు. అల తగిలితే ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది. ఊరంతా విసుక్కుంటోంది. గతుకుల దారిలో బండెక్కినట్టుందట. అందరూ విసుక్కుంటున్నారంటే నాకు ధైర్యంగా ఉంది. తోడికోడలు, వియ్యపురాలు కూడా వెళ్ళొచ్చాయి. ఆడపడుచు ఇప్పుడు కొలిమిలో ఉంది.

సత్తిబాబు చేతికి కొత్త చర్మం వస్తోంది. వంటిల్లు మళ్ళీ కట్టిస్తామని పంచాయతీ తీర్మానించింది. ఈసారి తొడుగు లాగితే ఊడి వచ్చేలా ఉండాలనీ, తుఫాను రోజుల్లో కావలి మనిషి చెప్పగానే తీసెయ్యాలనీ షరతు. ఆ షరతు పెట్టమంది ఆయనే. అందాకా పనేం లేక నా అరుగు మీద కూర్చుని నాకు సలహాలిస్తున్నాడు. "గీత ఇవాళ కొంచెం ఎడంగా పోతోంది నూకాలూ," అంటాడు. గీతకి ఎడం కుడి ఉండవు. అయినా ఔనంటున్నాను.

నిన్న ఒకసారి ఎడమ అరచేయి వియ్యపురాలి మీద ఆనించి, కళ్ళు మూసుకుని, వేడి ఎంతుందో చెప్పాడు. మీటరు చూశాను. తప్పు చెప్పాడు. కానీ పెద్ద తప్పేం కాదు.

9. ఎండ. కొత్తలంకలో.

మా ఊరి సంగతి తెలిసి పక్క తేలే ఊరు కొత్తలంక వాళ్ళు ఒకసారి వచ్చి తమ మోకులు కూడా చూసి వెళ్ళమన్నారు. భానోజీ గారు రాలేనన్నారు. ఆయన కడుపు సంగతి తెలుసు కాబట్టి బలవంతపెట్టలేదు. సత్తిబాబు తనూ వస్తానన్నాడు. ఎందుకంటే చెప్పడు. కొత్త చొక్కా మాత్రం వేసుకున్నాడు.

కొత్తలంక చక్కటి ఊరు. మెత్తగా ఊగుతోంది. పడవ దిగగానే పెద్దాయన ఎదురొచ్చి కొబ్బరినీళ్ళిచ్చారు.

"మీ ఊళ్ళో జరిగింది విని చాలా బాధపడ్డామమ్మా," అన్నారు. "మాకా భయం లేదు. మా మోకులు బంగారం లాంటివి. గీత వెన్నలో జారినట్టు జారుతుంది. కావాలంటే చెయ్యి పెట్టి చూడండి, ఎంత చల్లగా ఉంటాయో! అయినా మోకు ఆవిరి మీద మా వంటిల్లు బ్రహ్మాండంగా నడుస్తోంది. ఊరు ఉయ్యాలే అనుకోండి."

ఇంత గర్వంగా చెబుతున్న మనిషికి ఎక్కడ మొదలుపెట్టి ఏం చెప్పను? సంచిలోంచి మీటరు తీస్తున్నాను. ఈలోగా సత్తిబాబు కొబ్బరిబొండం కింద పెట్టి, చొక్కా చేతులు మడిచాడు. కాలిన చెయ్యి పూర్తిగా కనిపించేలా మడిచాడు.

"పెద్దాయనా, మీటర్లు తర్వాత చూద్దాం," అన్నాడు. "ముందు మీ వంటాయన్ని పిలిపించండి. ఆయనతో నేను విడిగా మాట్లాడాలి."